ప్రత్యేక నియోజకవర్గమా, రిజర్వు సీటా, నామినేషనా? కౌన్సిల్ సీట్ల మీద వలస అధికారులు వేసిన లెక్కలు, వాటిలో ఏది ఎవరికి నప్పింది

1906 ఆగస్టులో వైస్రాయ్ మింటో ఒక చిన్న కమిటీ వేశాడు. మద్రాసు సివిల్ సర్వీసు నుంచి పైకొచ్చిన అరండేల్ దానికి పెద్ద. చెప్పిన పని వినడానికి సులువుగానే ఉంది: లెజిస్లేటివ్ కౌన్సిళ్లలో భారతీయులకు మరికొంత చోటివ్వాలి, ప్రభుత్వం పట్టు మాత్రం జారకూడదు. ఎవరికి ఎన్ని సీట్లన్నది కాగితం మీద తేలే విషయమే. ఆ సీట్లో కూర్చునే మనిషిని ఎవరు ఎన్నుకోవాలన్న దగ్గర ముడి పడింది. ఆ ముడి 1909లో విడలేదు, 1919లో విడలేదు, 1932లో ఒక నిరాహారదీక్ష దాకా పోయింది.

గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ చదివేవాళ్ళు ఈ చట్టాలను సంవత్సరాల వరసలో బట్టీ పడతారు. అలా చదివితే 1861, 1892, 1909, 1919, 1935 గుర్తుంటాయి గానీ, ఒక్కో చట్టం వెనక అధికారులు ఏ దారిని వదిలి ఏ దారి పట్టారో, ఎందుకు పట్టారో తెలియదు. మహిళా రిజర్వేషన్ మీదో, స్థానిక సంస్థల రిజర్వేషన్ మీదో వాదించుకునేటప్పుడు అక్కరకొచ్చేది ఆ రెండో సంగతే. అందుకని ఇక్కడ చట్టాల వరస పక్కన పెట్టి, పద్ధతులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూద్దాం. ఏ పరిస్థితిలో దేన్ని ఎంచుకోవచ్చో నా అభిప్రాయం కూడా చెబుతాను.

నేను వాడే కొలత ఒక్కటే. గెలిచిన మనిషి తరవాతి ఎన్నికలో మళ్ళీ గెలవాలంటే ఎవరి గుమ్మం తొక్కాలి? సీట్ల సంఖ్య ఆ తరవాతి మాట. పది సీట్లున్నా ఆ పదిమందీ తమవాళ్ళ ఓటు మీద కాక ఇంకొకరి దయ మీద ఆధారపడితే అవి పేరుకే సీట్లు.

నామినేషన్

అన్నిటికంటే పాతదీ, ప్రభుత్వానికి అన్నిటికంటే సుఖమైనదీ ఇదే. 1861 చట్టం కింద వైస్రాయ్ కానింగ్ 1862లో ముగ్గురు భారతీయులను తన కౌన్సిల్లోకి తీసుకున్నాడు: పటియాలా మహారాజు, కాశీ రాజు, గ్వాలియర్ దివాన్‌గా పేరు తెచ్చుకున్న సర్ దినకరరావు. ముగ్గురిలో ఎవరికీ ఓటరన్నవాడు లేడు. ఎవరి గుమ్మం తొక్కాలంటే, వైస్రాయ్ గుమ్మమే.

1892లో కొంచెం ముసుగు వేశారు. మునిసిపాలిటీలు, జిల్లా బోర్డులు, విశ్వవిద్యాలయాలు, వర్తక సంఘాలు పేర్లు ‘సిఫారసు’ చేస్తాయి, ప్రభుత్వం ‘నామినేట్’ చేస్తుంది. చట్టంలో ఎన్నిక అన్న మాటే కనబడదు. జరిగింది మాత్రం ఎన్నికే. బ్రిటిష్ పార్లమెంటులో కొందరికి ఆ మాట గిట్టదు, ఇక్కడ కాంగ్రెస్‌కు అది లేకపోతే గిట్టదు. ఇద్దరికీ సరిపోయేలా మాట దాచి పని జరిపించారు. ఈ రకం తెలివి ఆ అధికారుల దగ్గర దండిగా ఉండేది.

నామినేషన్‌ను పూర్తిగా కొట్టిపారేయడం కూడా సరి కాదు. ఎన్నికలో నిలబడి గెలిచే స్తోమత ఏ మాత్రం లేని వర్గాలకు మొదటి మెట్టు చాలాసార్లు ఇదే అయింది. 1920 తరవాత మద్రాసు కౌన్సిల్లో దళితుల తరఫున మాట్లాడిన ఎం. సి. రాజా నామినేషన్ మీదే లోపలికి వచ్చారు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి 1927లో అదే దారిన వచ్చి, డిప్యూటీ ప్రెసిడెంట్‌గా ఎన్నికై, దేవదాసీ వ్యవస్థను ఎత్తివేయించడానికి గట్టిగా పోరాడారు. 1930లో గాంధీని అరెస్టు చేసినప్పుడు నిరసనగా ఆ పదవిని వదిలేశారు కూడా. అంటే నామినేట్ అయినవాళ్ళందరూ తలూపే బొమ్మలు కారు. కానీ అది వ్యక్తి గొప్పతనం, పద్ధతి గొప్పతనం కాదు. ఇంకొకరైతే తరవాతి నామినేషన్ కోసం గవర్నర్ ముఖం చూస్తూ కూర్చునేవారు. కాబట్టి నామినేషన్‌ను ఎంచుకుంటే గడువు పెట్టి ఎంచుకోవాలి. గడువు లేని నామినేషన్ చోటిచ్చినట్టు కనబడుతూ ఓటు ఆపుతుంది.

జమీందార్లకు, వర్తకులకు వేరే సీట్లు

దీని మీద ఎక్కువ చెప్పాల్సింది లేదు. భూస్వాములు ‘సహజ నాయకులు’ అని అధికారులకు గట్టి నమ్మకం, చదువుకున్న వకీళ్ళంటే గట్టి అనుమానం. 1909 నుంచి ఇంపీరియల్ కౌన్సిల్లో, అంటే వైస్రాయ్ దగ్గరి కేంద్ర కౌన్సిల్లో, జమీందార్లకూ వర్తక సంఘాలకూ విడిగా సీట్లు పెట్టారు. ఓటర్లు పిడికెడు మందే. అసలు ఆ కౌన్సిల్‌కు నేరుగా సభ్యుణ్ణి పంపే నియోజకవర్గాల్లో అన్నిటికంటే పెద్దదాంట్లో కూడా ఓటర్లు 650 మందికి మించలేదని భారత వ్యవహారాల మంత్రి మాంటేగు, వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ కలిసి ఇచ్చిన 1918 నాటి నివేదికే ఒప్పుకుంది. ఆ కౌన్సిల్‌కు రాజమండ్రి నుంచి న్యాపతి సుబ్బారావు పంతులు వంటి సమర్థులు వెళ్ళారు, నిజమే. వాళ్ళను పంపింది జనం కాదు, అప్పటికే మద్రాసు కౌన్సిల్లో ఉన్న కొద్దిమంది అనధికార సభ్యులు. ఈ దారిని ఈ రోజు ఎవరూ ఎంచుకోనక్కరలేదు, ముందుకు పోదాం.

ప్రత్యేక నియోజకవర్గాలు

1906 అక్టోబరు 1న ఆగాఖాన్ నాయకత్వంలో ముస్లిం ప్రముఖుల బృందం సిమ్లాలో మింటోను కలిసింది. ముస్లిం ప్రతినిధిని ముస్లింలే ఎన్నుకోవాలి, సీట్లు కూడా జనాభా లెక్కను మించి ఉండాలి అన్నది వాళ్ళ కోరిక. మింటో అక్కడికక్కడే సానుకూలంగా మాట్లాడాడు. ఆ రోజు ఒక అధికారి లేడీ మింటోకు రాసిన ఉత్తరం ప్రసిద్ధం: ఆరు కోట్ల ఇరవై లక్షల మంది రాజద్రోహుల వైపు పోకుండా వెనక్కి లాగిన గొప్ప పని ఇవాళ జరిగిందని అందులోని సారాంశం. అధికారుల మనసులో ఏముందో తెలుసుకోవడానికి నాకైతే ఆ ఒక్క వాక్యం చాలు.

అంతమాత్రాన ఆ కోరిక వెనక అసలు కారణమే లేదనడం అన్యాయం. 1892 పద్ధతిలో మునిసిపాలిటీలూ బోర్డులూ పంపినవాళ్ళలో ముస్లింలు చాలా తక్కువ. ఒకరిద్దరు గెలిచినా, మెజారిటీకి నచ్చినవాడే గెలిచాడు తప్ప ముస్లింలకు నచ్చినవాడు కాదన్న ఫిర్యాదు ఉంది. ఈ ఫిర్యాదును గుర్తుపెట్టుకోండి, పాతికేళ్ళ తరవాత ఇదే మాటను అంబేద్కర్ ఇంకా పదునుగా అంటారు.

నా కొలతతో చూస్తే ఈ పద్ధతికి ఒక గట్టి లాభముంది. గెలిచినవాడు తనవాళ్ళ గుమ్మమే తొక్కాలి. వాళ్ళను మోసం చేసి మళ్ళీ గెలవలేడు. నష్టం కూడా అక్కడే పుడుతుంది. పక్కింటివాడి ఓటు అక్కర్లేదు గనక పక్కింటివాడితో మంచిగా ఉండాల్సిన అవసరమూ లేదు. తనవాళ్ళలో తన కంటే గట్టిగా అరిచే ఇంకొకడొస్తే ఇతను ఇంకా గట్టిగా అరవాలి. అవతలి వర్గం అభ్యర్థిదీ అదే పరిస్థితి, అతనికీ ఇటువైపు ఓట్లు లేవు. ఒక్క సీటుకు కంచె వేస్తే రెండు వైపులా రాజీపడే మనుషులు తగ్గిపోతారు.

1909 చట్టం దీన్ని మరీ వంకరగా అమలు చేసింది. ముస్లింలకు తమ ప్రత్యేక ఓటుతోపాటు చాలాచోట్ల సాధారణ నియోజకవర్గంలోనూ ఓటుండేది. ఓటు అర్హతలు కూడా ఒకేలా లేవు. ఏడాదికి మూడు వేల ఆదాయం మీద పన్ను కట్టే ముస్లింకు ఓటుంది, మూడు లక్షల మీద కట్టే హిందువుకో పార్సీకో లేదని ఆ ఏడాది లాహోర్ కాంగ్రెస్‌లో మదనమోహన మాలవీయ మండిపడ్డారు. పద్ధతి మంచిచెడ్డలు అలా ఉంచి, ఒకే తూకంతో తూచకపోతే ఏ ఏర్పాటైనా మొదటి రోజునుంచే కక్ష పుట్టిస్తుంది.

1916లో కాంగ్రెస్, ముస్లిం లీగ్ లక్నోలో కూర్చుని ఈ పద్ధతినే ఒప్పుకున్నాయి. పంజాబులో ఎన్నికయ్యే సీట్లలో సగం, బెంగాల్లో 40 శాతం, మద్రాసులో 15 శాతం ముస్లింలకు అని లెక్కలు వేసుకున్నాయి, రెండో ఓటును లీగ్ వదులుకుంది. రెండేళ్ళకు మాంటేగు, చెమ్స్‌ఫర్డ్ తమ నివేదికలో ప్రత్యేక నియోజకవర్గాలు స్వపరిపాలన ఎదుగుదలకు పెద్ద అడ్డంకి అని, చరిత్ర చెప్పేదానికి విరుద్ధమని రాశారు. రాసి, ముస్లింలకు అలాగే ఉంచి, సిక్కులకు కొత్తగా ఇచ్చారు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

మార్లే మొదట అనుకున్న దారి

చాలా పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేసే ఈ దారి నాకు ఆసక్తిగా ఉంటుంది. భారత వ్యవహారాల మంత్రి మార్లే 1908 నవంబరు 27న లండన్ నుంచి పంపిన ఉత్తరువులో ఒక లెక్క వేసి చూపించాడు. ఒక రాష్ట్రంలో రెండు కోట్ల జనం, అందులో కోటిన్నర హిందువులు, అరకోటి ముస్లింలు, ఎన్నిక కావలసిన సభ్యులు 12 మంది అనుకుందాం. అప్పుడు తొమ్మిదిమంది హిందువులు, ముగ్గురు ముస్లింలు రావాలి. దానికోసం రాష్ట్రాన్ని మూడు భాగాలు చేసి, ఒక్కో భాగంలో నూరుమందితో ఒక ఎలక్టోరల్ కాలేజి పెట్టాలి, అందులో 75 మంది హిందువులు, 25 మంది ముస్లింలు ఉండాలి. ఒక్కొక్కరికి ఒక్కటే ఓటు. నలుగురు గెలుస్తారు, ముగ్గురు హిందువులు, ఒక ముస్లిం.

కిటుకు ఆ ‘ఒక్కటే ఓటు’లో ఉంది. పాతికమంది ముస్లిం సభ్యులు ఒక్కమాట మీద నిలబడితే తమ మనిషిని ఎవరూ ఆపలేరు. నిలబడకపోతే మిగతావాళ్ళతో కలిసి ఇంకొకరిని గెలిపించుకోవచ్చు. కంచె లేకుండానే రక్షణ దొరుకుతుంది, అవతలివాడి ఓటు అడగాల్సిన అవసరమూ మిగులుతుంది. కాగితం మీద నాకు నచ్చిన పథకం ఇదే.

నిలబడలేదు. తమ చేతిలోకి వచ్చిందనుకున్నది జారిపోతోందని లీగ్ ఆందోళన చేసింది. 1909 జనవరిలో లీగ్ లండన్ శాఖ నాయకుడు అమీర్ అలీ లండన్‌లో మార్లేను కలిసి గట్టిగా వాదించారు, సిమ్లాలో మింటో ఇచ్చిన మాట ఉండనే ఉంది. ఫిబ్రవరికల్లా మార్లే దిగివచ్చాడు. ముస్లింల అదనపు హక్కుల గొడవను మొదట లేపింది నీ ఉపన్యాసమేనని ఆ ఏడాది డిసెంబరులో మింటోకు ఉత్తరంలో దెప్పిపొడిచాడు గానీ, అప్పటికే చట్టం అమల్లోకి వచ్చేసింది. పథకంలో అసలు లోపం వేరేచోట ఉందని నా అనుమానం. అది పరోక్ష ఎన్నిక. ఆ నూరుమందిని ఎవరు ఎన్నుకుంటారన్న దగ్గర మళ్ళీ బోర్డులూ భూస్వాములే ముందుకొస్తారు. మార్లేకు అది లోపంగా కనబడి ఉండదు. ఈ సంస్కరణలు భారతదేశంలో పార్లమెంటరీ పద్ధతికి దారితీస్తాయంటే నాకు వాటితో సంబంధమే వద్దని ప్రభువుల సభలో అన్నవాడు ఆయనే.

ఉమ్మడి ఓటు, రిజర్వు సీటు: మద్రాసు ప్రయోగం

మనకు దగ్గరగా జరిగింది గనక దీని దగ్గర కాసేపు ఆగుదాం. 1916 డిసెంబరులో బ్రాహ్మణేతర ప్రకటన వచ్చింది, జస్టిస్ పార్టీ పుట్టింది. మద్రాసు రాష్ట్రంలో జనాభాలో కొద్దిమందే అయిన బ్రాహ్మణులు ఉద్యోగాల్లో, కౌన్సిల్లో నిండిపోయారన్నది వాళ్ళ ఫిర్యాదు. అందుకు వాళ్ళు కోరింది బ్రాహ్మణేతరులకు ప్రత్యేక నియోజకవర్గం. ఇక్కడ అధికారులకు ఒక వింత సమస్య ఎదురైంది. కోరుతున్నది మైనారిటీ కాదు, అధిక సంఖ్యాకులు. ఓటర్లలోనూ వాళ్ళే ఎక్కువ. అలాంటప్పుడు రక్షణ ఎందుకు?

ఓటర్ల అర్హతలు తేల్చడానికి వచ్చిన సౌత్‌బరో కమిటీలో బ్రాహ్మణుడైన శ్రీనివాసశాస్త్రి ఉన్నారని జస్టిస్ నాయకులు టి. ఎం. నాయర్, త్యాగరాయ చెట్టి సాక్ష్యం చెప్పడానికే వెళ్ళలేదు. లండన్‌లో బ్రిటిష్ పార్లమెంటు జాయింట్ సెలెక్ట్ కమిటీ ముందు వాదించడానికి వెళ్ళిన నాయర్ 1919 జులైలో అక్కడే కన్నుమూశారు. కమిటీ ప్రత్యేక నియోజకవర్గం ఇవ్వలేదు, మధ్యేమార్గం చూపించింది. ఒక నియోజకవర్గంలో రెండు మూడు సీట్లుంటాయి, అందరూ కలిసి ఓటు వేస్తారు, కొన్ని సీట్లు మాత్రం బ్రాహ్మణేతరులకు రిజర్వు. పైనున్న అభ్యర్థులందరూ బ్రాహ్మణులే అయితే, వాళ్ళలో చివరివాడిని పక్కకు జరిపి, ఓట్లలో ముందున్న బ్రాహ్మణేతరుణ్ణి గెలిచినట్టు ప్రకటిస్తారు. ఎన్ని సీట్లన్న దాని మీద మద్రాసులో రెండు పక్షాలూ కూర్చుని తెంచుకోలేకపోయాయి. చివరికి లార్డ్ మెస్టన్ 1920 మార్చిలో తీర్పిచ్చాడు: 65 సాధారణ సీట్లలో 28. జస్టిస్ పార్టీకి అది అవమానంగా తోచింది.

ఆ ఏడాది నవంబరులో ఎన్నికలు జరిగాయి. కాంగ్రెస్ బహిష్కరించింది. ఎన్నికయ్యే 98 సీట్లలో 63 జస్టిస్ పార్టీ గెలిచింది. బ్రాహ్మణేతరులు 28ని సులువుగా దాటేశారు. కొద్ది నెలలకు పానగల్ రాజా, అంటే పానగంటి రామరాయణింగారు, ముఖ్యమంత్రి అయ్యారు. ఏలూరు నుంచి వెళ్ళిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు మంత్రి. నాలుగేళ్ళపాటు ఏ సంఖ్య కోసం కొట్టుకున్నారో ఆ సంఖ్యతో పనే పడలేదు. ఓటు హక్కు జనాభాలో మూడు శాతం దగ్గరే ఉన్నా, ఆ మూడు శాతంలో బ్రాహ్మణేతర రైతులూ వర్తకులూ ఎక్కువ. వాళ్ళకు ఓటు రావడమే రిజర్వేషన్ చేయవలసిన పనిని చేసేసింది.

ఇంకొక సంగతి. 1926 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ ఓడింది, స్వరాజ్య పార్టీ అతి పెద్ద పక్షమైంది. ఓటర్లు ఉమ్మడిగా ఉన్నారు గనక పార్టీని మార్చగలిగారు, అలాగని బ్రాహ్మణేతరుల చోటు ఎక్కడికీ పోలేదు. ప్రత్యేక నియోజకవర్గం ఉండి ఉంటే ఎవరు ఎక్కువ బ్రాహ్మణేతరుడు అన్న పోటీ తప్ప ఇంకో పోటీ ఉండేది కాదు. అధిక సంఖ్యాకులై ఉండి, నిన్నటిదాకా వెనక్కి నెట్టబడ్డ వర్గానికి ఈ దారి సరిగ్గా నప్పుతుంది: ఉమ్మడి ఓటు, కొద్దికాలానికి ఒక కనీస హామీ, దాంతోపాటు ఓటు హక్కు వెడల్పు చేయడం. మూడింటిలో ఒకటే దొరుకుతుందంటే మూడోది అడగండి.

దళితులకు ఇదే దారి ఇలా పనిచేసేది కాదు. ఆ సంగతికి వస్తాను.

ఏ రక్షణా వద్దు, అందరికీ ఓటు చాలు: సిలోన్

అధికారులు నిజంగా తెగించింది పక్కనున్న సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో. 1927లో వెళ్ళిన డోనమోర్ కమిషన్ మత, జాతి ప్రాతినిధ్యాన్ని దేశానికి పట్టిన పుండు అని, దాన్ని కోసేయాలని తేల్చింది. వాళ్ళ సూచన మీద 1931లో మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ సార్వత్రిక ఓటు వచ్చింది. సుమారు రెండు లక్షల ఓటర్లున్నచోట 15 లక్షలు దాటారు. మనకు అది రావడానికి ఇంకా ఇరవై ఏళ్ళు పట్టింది. ధైర్యానికి మెచ్చుకోవలసిందే.

ఫలితం మాత్రం మిశ్రమం. 1936లో మంత్రుల బోర్డులోని ఏడుగురూ సింహళీయులే అయ్యారు. తోటల్లో పనిచేసే భారతీయ కూలీలకు ఓటివ్వడం మీద అక్కడి నాయకులు ముందునుంచే అభ్యంతరం చెప్పి నివాసం షరతులు పెట్టించారు, 1948లో పౌరసత్వ చట్టం వాళ్ళలో ఎక్కువమందిని అసలు పౌరులే కాకుండా చేసింది. పుండు కోసేస్తే మచ్చ కూడా పోతుందని కమిషన్ అనుకుంది. శాశ్వతంగా ఒకే వర్గానికి మెజారిటీ ఉండే చోట ఓటు ఒక్కటే చాలదు. మెజారిటీకి మైనారిటీ ఓటు అవసరమయ్యే ఏర్పాటు ఇంకేదో ఉండాలి.

అడిగేవాడు మారితే వాదన మారింది

మైనారిటీని కాపాడటానికే ప్రత్యేక నియోజకవర్గాలని ఢిల్లీలో చెప్పిన ప్రభుత్వం, కెన్యాలో, ఫిజీలో ఏం చేసిందో చూడండి. 1923లో కెన్యాలో భారతీయులు యూరోపియన్ల కంటే రెండింతల మంది ఉన్నారు. వాళ్ళు కోరింది ఒకే ఓటర్ల జాబితా. వచ్చింది ప్రత్యేక జాబితాలు: యూరోపియన్లకు 11 సీట్లు, భారతీయులకు 5. ఆఫ్రికన్ల తరఫున మాట్లాడటానికి ఒక మిషనరీని నామినేట్ చేశారు. ఆఫ్రికన్లకు ఓటుందా అని అడిగినవాడు లేడు.

ఫిజీలో 1929లో భారతీయులకు మూడు సీట్లిచ్చారు, విడి జాబితాతో. కొన్నివేల మంది మాత్రమే ఉన్న యూరోపియన్లకు ఎన్నికయ్యే సీట్లు ఆరు. గెలిచిన ముగ్గురూ ఉమ్మడి జాబితా కోసం తీర్మానం పెట్టి, ఓడిపోయి, కౌన్సిల్ నుంచి బయటికి వచ్చేశారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా గిర్మిటు (ఒప్పంద) కూలీలుగా వెళ్ళిన తెలుగువాళ్ళ కుటుంబాలు కూడా ఆ జాబితాలో ఉన్నవే. ఇక్కడ కంచె కాపాడింది బలహీనుణ్ణి కాదు, తెల్ల దొరను. ఏ పద్ధతినైనా ఎంచుకునే ముందు ఆ కంచె ఎవరి పొలానికి వేస్తున్నారో చూడాలి.

1932: రెండు మెట్ల ఎన్నిక

1932 ఆగస్టు 16న ఏ వర్గానికి ఎన్ని సీట్లో తేల్చే బ్రిటిష్ ప్రభుత్వ తీర్పు, కమ్యూనల్ అవార్డు వచ్చింది. దళితులకు 71 సీట్లు, ప్రత్యేక ఓటు, దాంతోపాటు సాధారణ నియోజకవర్గంలో రెండో ఓటు. దళితులకు ప్రత్యేక ఓటు వద్దని గాంధీ ఎరవాడ జైల్లో సెప్టెంబరు 20న నిరాహారదీక్ష మొదలుపెట్టారు. 24న పూనా ఒడంబడిక కుదిరింది. సీట్లు రెండింతలు దాటి 148 అయ్యాయి, మద్రాసుకు 30. ప్రత్యేక ఓటు పోయింది. దాని బదులు రెండు మెట్లు: మొదట దళిత ఓటర్లే నలుగురిని ఎంచాలి, తరవాత ఆ నలుగురిలో ఒకరిని అందరూ కలిసి ఎన్నుకోవాలి.

సీట్ల లెక్క చూసేవాళ్ళకు ఇది గెలుపు. నా కొలతతో చూస్తే సగం గెలుపే. ప్రాథమిక ఎన్నికలో దళితుల్లో మొదటివాడుగా వచ్చినవాడు, నాలుగోవాడు ఒకే వరసలో నిలబడతారు. ఆ నలుగురిలో అందరికంటే మెత్తనివాడెవడో మెజారిటీ ఓటర్లు చూసుకుంటారు. పైగా నలుగురికి మించి అభ్యర్థులు లేని చోట మొదటి మెట్టు అవసరమే రాదు. అప్పుడు మిగిలేది మామూలు రిజర్వు సీటే. మద్రాసులో బ్రాహ్మణేతరులకు ఆ సీటు పనికొచ్చింది వాళ్ళు ఓటర్లలో ఎక్కువ గనక. ఏ నియోజకవర్గంలోనూ సగానికి రాని, ఊరికి దూరంగా నెట్టేసిన, కూలికి అవతలివాళ్ళ పొలం మీదే ఆధారపడ్డ వర్గం విషయంలో, గెలిచే మనిషి ఎవరి గుమ్మం తొక్కాలో వేరే చెప్పనక్కరలేదు. అంబేద్కర్ 1947లో మళ్ళీ ప్రత్యేక నియోజకవర్గాలే కోరారంటే ఇందుకే.

ఇప్పుడు మీరు ఎంచుకోవలసి వస్తే

వర్గం మరీ చిన్నది, చెదిరి ఉంది, నిలబడే మనుషులు కూడా ఇంకా తయారుకాలేదు అంటే గడువు రాసిపెట్టిన నామినేషన్. ఒకటి రెండు విడతలు, అంతే. సంఖ్య ఉండీ వెనకబడినవాళ్ళయితే మద్రాసు దారి. చిన్నదైనా ఒక్కమాట మీద నిలబడగల వర్గమైతే, ఎక్కువ సీట్లున్న నియోజకవర్గంలో మనిషికి ఒక్క ఓటు అన్న మార్లే కిటుకును నేరుగా జనం ఓటుకే తగిలించి చూడవచ్చు. కంచె వేయకుండా రక్షణ ఇచ్చేది అదొక్కటే.

బహుళ సీట్ల నియోజకవర్గం పెడితే ఒక జాగ్రత్త. రిజర్వు వర్గం అభ్యర్థి మామూలు సీటు కూడా గెలవవచ్చని ముందే అందరికీ చెప్పాలి. 1957లో పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గానికి రెండు సీట్లు, ఒకటి గిరిజనులకు రిజర్వు. రెండూ గిరిజన అభ్యర్థులే గెలిచారు. మామూలు సీటును డి. సూరిదొర చేతిలో 565 ఓట్ల తేడాతో పోగొట్టుకున్నవారు వి. వి. గిరి, తరవాత రాష్ట్రపతి అయిన ఆయనే. ఆయన కోర్టుకెళ్ళారు. రిజర్వేషన్ అనేది కనీస హామీ తప్ప హద్దు కాదని 1959లో సుప్రీంకోర్టు ఆ ఎన్నికను నిలబెట్టింది. రెండేళ్ళకు పార్లమెంటు రెండు సీట్ల నియోజకవర్గాలనే ఎత్తేసింది. అప్పటినుంచి మనది ఒక సీటు, రిజర్వు అయితే మొత్తం రిజర్వు.

దళితుల వంటి వర్గానికి, అంటే ఎక్కడా మెజారిటీ కాని, మెజారిటీ మీద బతుకు ఆధారపడ్డ వర్గానికి, ఈ దారుల్లో ఏదీ పూర్తిగా సరిపోలేదు. సరిపోయేలా సవరించాలని చూసినవారు ఒకరున్నారు, తెలుగువారే. రాజ్యాంగ సభలో 1947 ఆగస్టు 28న కర్నూలు జిల్లాకు చెందిన ఎస్. నాగప్ప ఒక సవరణ పెట్టారు. ఉమ్మడి ఓటు ఉండనివ్వండి, రిజర్వు సీటూ ఉండనివ్వండి, కానీ ఆ సీటులో గెలిచినట్టు ప్రకటించాలంటే అభ్యర్థికి దళిత ఓటర్లు వేసిన ఓట్లలో కనీసం 35 శాతం వచ్చి ఉండాలి. గెలవాలంటే అందరి గుమ్మాలూ తొక్కాలి, ముందు సొంతవాళ్ళ గుమ్మం తొక్కాలి. చివరికి ఆయన దాన్ని ఉపసంహరించుకున్నారు.

అమలులో చిక్కుంది, కాదనను. ఎవరి ఓటు ఎవరిదో విడిగా లెక్కపెట్టాలంటే పోలింగ్ బూత్‌లో విడి పెట్టె పెట్టాలి, ఆ పెట్టె దగ్గర మళ్ళీ మనుషులు రెండు వరసలవుతారు. ఊళ్ళలో దాని పర్యవసానాలు ఊహించుకోవచ్చు. అయినా మార్లే, మింటో, మెస్టన్, డోనమోర్ల కాగితాలన్నీ పక్కన పెట్టి ఒక్క పద్ధతిని ఎంచుకోమంటే నేను నాగప్ప సవరణనే ఎంచుకుంటాను, 35ను 25కు దించి, లెక్క బూత్‌లవారీగా కాక నియోజకవర్గం మొత్తానికి కలిపి చేసే షరతుతో.